ఫాల్గుణంలో మా తమ్ముడు

పోయిన ఆదివారం, ఫాల్గుణ శుద్ధ దశమి నాడు, పొద్దున అయిదింటికి మా వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. లేచి వెళ్లి చూస్తే మా మనవరాలు. అటక మీది ఇత్తడి సామానంతా దించుకుని, నేల మీద కూర్చుని చింతపండుతో తోముతోంది. అప్పటికే పదకొండు గిన్నెలు తోమి బోర్లించింది.

"ఏంది బిడ్డా, పండుగ గిట్ల ఉన్నదా?"

"నిద్ర సాలింది నానమ్మా. పానం మస్తు హుషారుగున్నది. పొద్దెక్కేలోపట ఇల్లంత సదిరేస్త, తర్వాత సదువు సురువు జేస్త."

ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్లు. సర్కారు కొలువు పరీక్షకు చదువుతోంది. ఇంకో ఇంట్లో అయితే నానమ్మ మెటికలు విరిచి దిష్టి తీసేది. నేను హాల్లోకి వెళ్లి గోడ మీద క్యాలెండరులో నెల చూశాను. మా తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడు పోయి ఈ మే నెలకు మూడేళ్లు. వాడి పేరు రాయను. రాస్తే, ఇంట్లో ఇంకా పెళ్లి కావలసిన పిల్ల ఉందని గుర్తుచేసేవాళ్లు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. వాడు నాకంటే అయిదేళ్లు చిన్న. వాడి బిడ్డను నా కొడుకుకు చేసుకున్నాను. మేనరికం నేనే అడిగాను, వాడు అడగలేదు. అందుచేత ఈ పిల్ల నాకు కొడుకు బిడ్డ, వాడికి బిడ్డ బిడ్డ. ఎటు నుంచి లెక్కేసినా మా నాయిన దగ్గరికే వెళ్తుంది.

మామూలు రోజుల్లో మా తమ్ముడి అంత మాట తక్కువ మనిషిని నేను చూడలేదు. కేతేపల్లి అవతల మా ఊరి నుంచి నల్లగొండలో మా ఇంటికి వచ్చేవాడు. కుర్చీలో అంచు మీదే కూర్చునేవాడు, ఎవరో ఇప్పుడే లేవమంటారన్నట్టు. సంచిలోంచి బత్తాయిలు తీసి గోటితో ఒలిచేవాడు. తొక్క ఎక్కడా తెగకుండా పొడుగు తీగలాగా వచ్చేది. దాన్ని మనవరాలి మెడలో వేసేవాడు. ఏం చెప్పినా జవాబు ఒక్కటే: "గదంతే." వానలు లేవురా అంటే గదంతే. బియ్యం బాగున్నాయిరా అన్నా గదంతే.

ఫాల్గుణం వస్తే వేరే మనిషి వచ్చేవాడు.

ఫోన్ మోగేది. ఎత్తగానే పలకరింపు ఉండేది కాదు, మాట మధ్యలోంచి మొదలుపెట్టేవాడు. "ఇంకేందక్కా, తూర్పు దిక్కు దొరికింది పాయింటు, కొబ్బరికాయ నిట్టనిలువు లేసింది అరచేతుల! నువ్వు రావాలె. నువ్వొస్తేనే కొడ్తరు బోరు. నీ పేరే పెడ్తున్న." అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ లేచి నిలబడితే ఆ చోట నీళ్లున్నట్టని మా వైపు నమ్మకం. తెల్లచొక్కా వేసేవాడు. పూటకోసారి గడ్డం గీసుకునేవాడు. దారిన పోయేవాళ్లందరినీ "రాజా" అని పిలిచేవాడు. మా మరదలికి భయం, పిల్లలకు పండుగ. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో వాడి పక్కన ఉండడం నాకూ ఇష్టంగానే ఉండేది. ఆ మాటలకు కడుపుబ్బ నవ్వేదాన్ని. ఇది కూడా రాసి పెట్టాలి.

మూసీ కాలువ మా ఊరి పొలిమేరకు రాకముందే ఆగిపోతుంది. మాది ఎర్రటి చెల్క, వానే దిక్కయిన మెట్ట నేల. మన రాష్ట్రం వచ్చిన మరుసటేడు, 2015 మార్చిలో, తొమ్మిది రోజుల్లో నాలుగు బోర్లు వేయించాడు. మొదటిది నా పేరు మీద, నాలుగు వందల ఇరవై అడుగులు. రెండోది మా అమ్మ పేరు మీద, అయిదు వందల పది. మూడోది వాడి బిడ్డ పేరు మీద, ఆరు వందల ముప్పై. నాలుగోది మనవరాలి పేరు మీద, ఆరు వందల ఎనభై. నాలుగింటిలోనూ దుమ్మే లేచింది. రిగ్గు లారీ పక్కన నిలబడి ఆ తెల్లదుమ్ము మొహం నిండా పూసుకుని అందరికీ చెప్పేవాడు.

"భూమి లోపట నీళ్లు మాట్లాడుతయి రాజా. ఇనేటోడు కావాలె."

రిగ్గు మీది మనిషి, తమిళం కలిసిన తెలుగులో, "ఇంకో వంద అడుగులు దించాలా సారూ?" అనేవాడు. వీడు "దించు! పాతాళంల మా అక్క బడి పెట్టింది, ఆడిదాంక దించు!" అనేవాడు. నేను బడిపంతులమ్మనని ఊరందరికీ తెలుసు, చుట్టూ నవ్వులు.

జబ్బని ఎవరికీ తోచలేదు. ఆ రెండేళ్లు కరువు. మా ఊళ్లో ప్రతి రెండో ఇంటివాడూ బోరు వేస్తున్నాడు. ఒకడు ఏడు వేశాడు, ఒకడు పన్నెండు వేశాడు. ఇంతమంది చెల్కల్లో కొబ్బరికాయ పట్టుకుని తిరుగుతుంటే, వాళ్లలో ఒక్కడు మాత్రం నీళ్ల కోసం తిరగడం లేదని ఎట్లా తెలుస్తుంది?

ఆ ఏడు అధిక ఆషాఢం. ఆషాఢాలు రెండూ వాడు గోడవైపు తిరిగి పడుకునే గడిపాడు. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలడం మరిచిపోయేవాడు. మా మరదలు ఫోన్ చేసేది. "వదినె, మీ తమ్ముడు పండుకున్నడు. లేస్తలేడు. బోర్లు ఎండెగద, ఫికరు వడ్డడు." నేనూ అదే అనుకున్నాను. బోర్లు ఎండిన మనిషి దిగులుపడకుండా ఉంటాడా?

అంత దిగులులోనూ వాడు ఒక్క పనికి మాత్రం లేచేవాడు. ఎండిన ప్రతి బోరు మీద బండ దొర్లించి, చుట్టూ మట్టి కప్పి, సున్నం పూసి వచ్చేవాడు. ఆ పని ఎవరికీ ఒప్పజెప్పేవాడు కాదు. "పిల్లలు నడిసే జాగ" అనేవాడు. మళ్లీ వచ్చి పడుకునేవాడు.

నేను ముప్పై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. లెక్క చూపిస్తే మనిషి మారతాడని నాకు నమ్మకం. మూడేళ్లపాటు వాడు వేసిన ప్రతి బోరు తేదీ, లోతు, దుమ్మా నీళ్లా అన్నది ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి రాశాను. వాడు పడుకున్న రోజూ లేచిన రోజూ కూడా రాశాను, ఎన్ని పని దినాలు పోయాయో చూపించడానికి. 2018 మార్చిలో ఆ కాగితం వాడి ముందు పరిచాను. వాడు చూసి, "ఎంత ముద్దుగ గీసినవక్కా గీతలు!" అని దాన్ని మడిచి కళ్లకద్దుకున్నాడు. ఆ సాయంత్రమే రిగ్గుకు ఫోన్ చేశాడు. అప్పటికి వాడు నిద్రపోక ఆరు రోజులు.

అప్పుడు హైదరాబాదులో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. నేను, వాడి బిడ్డ అంటే నా కోడలు, మా మనవరాలు. దానికప్పుడు పదిహేడు. తాత చెయ్యి దాని చేతిలోనే ఉంది, దానితోనే వస్తానన్నాడు.

డాక్టరమ్మ నలభై ఏళ్ల మనిషి. నేను నా కాగితం ఇచ్చాను. ఆమె లోతులు చూడలేదు. వేలు పెట్టి తేదీల మీదుగా కిందికి దిగింది. ఫాల్గుణం, ఆషాఢం. ఫాల్గుణం, ఆషాఢం. మూడేళ్లు అదే వరుస.

"అమ్మా, ఇది నీళ్ల లెక్క కాదు," అంది. "ఇది ఈయన జబ్బు లెక్క. మీరే రాశారు."

నాకు ఆ మాట ఈ రోజుకీ గుచ్చుకుంటుంది. మూడేళ్లు నా చేత్తో రాసి, నేను చదవలేకపోయాను.

జబ్బు పేరు చెప్పింది. బైపోలార్. మనసు ఒకసారి హద్దు మీరి లేస్తుంది, ఒకసారి అడుగంటుతుంది, బోర్లకూ దీనికీ సంబంధం లేదు అంది. తర్వాత కలం తీసుకుని అడిగింది: "ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరికైనా ఇట్లా ఉండేదా? అమ్మకు గానీ, నాన్నకు గానీ?"

"లేదు," అన్నాను.

నా కుడివైపు కోడలు, దాని పక్కన మనవరాలు. ఎదురుగా మా తమ్ముడు. వాడు నావైపు చూశాడు. డాక్టరమ్మ "లేదు" అని రాసుకుంది.

నేను అబద్ధమాడానా? అప్పుడు అబద్ధమని అనుకోలేదు. మా నాయిన దేవుని మనిషి. మా ఇంట్లో, మా ఊళ్లో అదే మాట. ఏటా మాఘం వెళ్లేసరికి ఆయనకు శ్రీశైలం పిలుపు వచ్చేది. నడిచి వెళ్లేవాడు, దగ్గరి దారి వదిలి కల్వకుర్తి మీదుగా. ఒకసారి కల్వకుర్తి సంతలో మూడు రోజులు కునుకు లేకుండా నిలబడి మల్లన్న కథ చెప్పాడట, జనం మెడనిండా దండలు వేశారట. తిరిగొచ్చిన కొన్నాళ్లకు మాట మానేసేవాడు. నెల, రెండు నెలలు. వెనక అర్రలో చీకట్లో పడుకునేవాడు. మా అమ్మ వేలు పెదవి మీద పెట్టుకుని మమ్మల్ని తరిమేది: "నాయిన మౌనం వట్టిండు. సప్పుడు జెయ్యకుండ్రి." ఊరివాళ్లు వచ్చి ఆ తలుపుకు దండం పెట్టి పోయేవాళ్లు. ఆయన ఫోటోకు ఇప్పటికీ పూలు పెడతాం.

తమ్ముడు గోలీలు మొదలుపెట్టాడు. అయినా ఆ ఏడు ఆషాఢంలో కొద్దిగా కుంగాడు. చూడ్డానికి వెళ్లాను. మేకల కొట్టం పక్కన నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. గోడవైపే చూస్తూ అన్నాడు.

"అక్కా, నువ్వు బడికి పోతుంటివి. నేను ఇంట్లుంటి."

"ఎప్పుడురా?"

"నాయిన పండుకున్నప్పుడు. అమ్మ సూడకుంట అర్రలకు పోయి పక్కన కూసుంటుంటి. మౌనం కాదక్కా అది. ఏడ్సేటోడు. నా చెయ్యి వట్టుకోని ఏడ్సేటోడు. 'నన్ను లేపకుండ్రి' అంటుండె."

"మరి డాక్టరమ్మ ముందట చెప్పలేదేందిరా?" అన్నాను.

"అక్క లేదని చెప్పినంక నేనేమంట?"

ఆ వారమే ఒక్కదాన్నే హైదరాబాదు వెళ్లాను. రెండు గంటల నలభై నిమిషాలు వరుసలో కూర్చుని, డాక్టరమ్మతో "లేదు" అని రాసుకున్నది కొట్టెయ్యమన్నాను. ఉన్నదంతా చెప్పాను. మేనరికం సంగతి కూడా చెప్పాను. "నా మనవరాలికి రెండు వైపుల నుంచీ మా నాయిన రక్తమే. వస్తుందా?" అని అడిగాను.

"వంశంలో ఉంటే మామూలువాళ్లకంటే వచ్చే అవకాశం ఎక్కువే," అంది. "అయినా రానివాళ్లే చాలామంది. మీకు రాలేదు కదా. మీ అబ్బాయికి, కోడలికి రాలేదు కదా. రక్తం పరీక్షచేసి తేల్చే జబ్బు కాదు. నిద్ర తగ్గితే గమనించండి. అనుమానం వస్తే వెంటనే తీసుకురండి."

"నూటికి ఎంతమందికి?"

ఆమె కళ్లజోడు తీసింది. "మీ మనవరాలు వందమంది కాదమ్మా. ఒక్కతే."

లెక్కల టీచరుకు ఇంతకంటే చేదు జవాబు ఉండదు.

నెల తర్వాత ఊరికి వెళ్లి తమ్ముడితో చెప్పాను. వాడు అప్పటికి తేరుకుని దొడ్డివాకిట్లో మేకకు మేత వేస్తున్నాడు.

"పిల్లకు నాయిన సంగతి చెప్పక్కా," అన్నాడు.

"పెండ్లి గానియ్యిరా. అప్పటికి చెబ్దాం."

"అప్పటిదాంక?"

"ఊకె భయపెట్టుడెందుకు?"

వాడు మేత పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అంత మాట తక్కువ మనిషి, ఎండిన బోర్ల మీద తెల్లగా కనిపిస్తున్న బండలవైపు చేయి చూపించాడు. "గవన్నిటికి సున్నమెందుకు పూసిన్ననుకున్నవ్? బండ వెట్టుడు ఒక్కటే సాలదక్కా, కనవడాలె. తెల్వకుంట నడిస్తెనే గద పడేది."

నేను అప్పుడు కూడా చెప్పలేదు. నా తమ్ముడి మాటలన్నింటిలోకీ తెలివైన మాట అదే, దాన్నే నేను పెడచెవిన పెట్టాను.

రెండేళ్లు బాగున్నాడు. రెండు ఫాల్గుణాలు రిగ్గు లారీ రాలేదు. 2020లో గోలీలు మానేశాడు. "మంచిగున్న గదక్కా. మంచిగున్నోనికి గోలీలెందుకు? నోరు చేదు, చేతులు వణుకుతున్నయి." మళ్లీ మొదలుపెట్టించాం. మళ్లీ మానేశాడు. అట్లా ఎన్నిసార్లో నా డైరీలో ఉంది, ఇక్కడ రాయడం వల్ల ప్రయోజనం లేదు.

2022 ఎండాకాలంలో, ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం, అరచేతిలో కొబ్బరికాయతో చెల్కలోకి వెళ్లాడు. మా మరదలు వెనకాల పరుగెత్తింది. "జర నీడకు రావయ్యా" అని బతిమాలింది. "నువ్వు సప్పుడు జెయ్యకు, వినవడ్తాంది" అన్నాడట. ఆమె నీళ్లు తేవడానికి ఇంటికి పోయి వచ్చేసరికి పడిపోయి ఉన్నాడు. దవాఖానలో వడదెబ్బ అని రాశారు. నిజమే. ఎండకు పోయాడు. కాగితంలో అంతకంటే రాయడానికి గడి లేదు.

దినాల నాడు మా చుట్టాల్లో ఒక పెద్దమనిషి, "అచ్చం మీ నాయిన లెక్కనే, దైవపిచ్చి ఉన్నోడు, పుణ్యాత్ముడు" అన్నాడు. అందరూ తలూపారు. మనవరాలు విస్తర్లు వేస్తోంది. నేను ఆ మాట కాదనలేదు.

ఇదంతా పోయిన ఆదివారం పొద్దున క్యాలెండరు ముందు నిలబడితే గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి మనవరాలి నిద్ర గమనించాను. ఆదివారం అయిదు గంటలు. సోమవారం నాలుగున్నర. మంగళవారం ఆరు. ఆరు అని చూడగానే ప్రాణం లేచొచ్చింది. బుధవారం మళ్లీ నాలుగు. పరీక్షకు నలభై రోజులుంది. పరీక్ష ముందు ఏ పిల్ల నిద్రపోతుంది? ఇంకో ఇంటి పిల్లయితే అది చదువు. మా ఇంటి పిల్ల కాబట్టి అది చదువో కాదో నాకు తెలియదు.

నిన్న శుక్రవారం, మధ్యాహ్నం తిన్నాక, చెప్పాను. ముత్తాత సంగతి, మౌనం సంగతి, తాత నాతో చెప్పిన సంగతి, డాక్టరమ్మ ముందు నేనన్న "లేదు" సంగతి. ఏదీ దాచలేదు. కంచం ముందు నుంచి లేవకుండా, చెయ్యి ఎండిపోయేదాకా విన్నది.

"అమ్మకెర్కేనా?"

"తాతది నీ లెక్కనే ఎర్క. ముత్తాతది తెల్వదు."

"బాపుకు?"

"బాపుకు గూడ గంతే."

"మరి నాకొస్తదా?"

"తెల్వదు బిడ్డా."

"నువ్వు లెక్కల టీచరువు గద నానమ్మా."

అది లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"అందుకేనా, వారం సంది నా అర్ర ముంగట తిరుగుతున్నవ్?"

"ఆఁ."

"మొన్న నేను ఫోన్ల నవ్వుతుంటె వచ్చి నిలవడ్డవ్. గదీ అందుకేనా?"

"ఆఁ."

"అంటే, నేను సంతోషంగున్నా నీకు భయమే."

కాదని అనబోయాను. ఈ పిల్ల ముందు ఇంకొక "లేదు" అనడానికి నోరు రాలేదు.

"సోమారం పోదాం ఆ డాక్టరమ్మ దగ్గరికి," అన్నాను.

"పోదాం తియ్యి," అంది. "ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు. నాకైతే హుషారుగనే ఉన్నది." గదిలోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇగో, పండుకుంటున్న. రెండుంబావు. రాసుకో."

నేను రాయలేదు. మూడింటికి తలుపు సందులోంచి చూశాను. వెల్లకిలా పడుకుని ఉంది, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని. ఫ్యాను గాలికి ముంగురులు ముఖం మీద పడుతున్నా తీసుకోవడం లేదు. నిద్ర వచ్చి పడుకుందో, నా కోసం పడుకుందో చాలాసేపు నిలబడి చూశాను. నాకు తెలియలేదు.